క్రాంక్ దూరింది కానీ తిరగడం లేదు: పాత బీబీ కప్పుల్లో వేరే క్రాంక్ సెట్

మాస్టారూ, నమస్కారం అండి. ముందు మీ సమస్య రెండు ముక్కల్లో చెప్పేస్తాను, మిగతావాళ్ళకీ తెలియాలి కదా. మాస్టారు పాలకొల్లులో సెకండ్‌హ్యాండ్‌ హైబ్రిడ్ సైకిలు ఒకటి కొన్నారు. దానికి 48-36-26 పళ్ళ మూడు చక్రాల క్రాంక్ (పెడళ్ళు బిగించే చేతులు, వాటితో ఉండే పళ్ళ చక్రాలు) ఉండేది. ఎడమ క్రాంక్ లోపలి గాట్లు అరిగి ఊగుతుంటే దాన్ని తీసేసి, హైదరాబాదు నుంచి వాడిన షిమానో 105 క్రాంక్ సెట్ తెప్పించుకున్నారు, 50-34ది. ఫ్రేములో ఉన్న బీబీ కప్పులు (బీబీ అంటే బాటమ్ బ్రాకెట్, క్రాంక్ ఇరుసు తిరిగే చోటు; దాని గొట్టానికి రెండు వైపులా మరతో బిగించే బేరింగు గిన్నెలే కప్పులు) కదపకుండా వాటిలోంచే కొత్తది దూర్చారు. ఇరుసు సాఫీగా దూరింది. కానీ ఎడమ క్రాంక్ సగమే ఎక్కింది, దాని మీద ప్లాస్టిక్ క్యాప్ నాలుగు మరలే పట్టింది, అది బిగించేసరికి క్రాంక్ అర చుట్టు కూడా తిరగకుండా బిగుసుకుపోయింది. ఒక షాపులో కప్పులు పోయాయి, మార్చాలన్నారు. ఇంకో చోట సుత్తితో కొడితే ఎక్కుతుందన్నారు. ఏది నమ్మాలి, కప్పులు అవే ఉంచచ్చా అని ప్రశ్న. చివర్లో వాళ్ళ నాన్నగారి పాత సైకిలుకి కప్పులు ఉంచి ఇరుసు మార్చడం గురించి కూడా అడిగారు, దాని దగ్గరకి తర్వాత వస్తాను.

సుత్తి మాత్రం ముట్టుకోకండి. కప్పులు పోయాయని కూడా నేను అనుకోవడం లేదు. మీరు పెట్టిన ఫోటో పెద్దది చేసి చూశాను. కుడి కప్పుకీ ఫ్రేముకీ మధ్య రెండు నల్ల రింగులు, ఎడమ వైపు ఒకటి కనిపిస్తున్నాయి. గొడవంతా ఆ మూడు రింగులదే.

వాటిని స్పేసర్లు అంటారు. ఒక్కోటి 2.5 మిల్లీమీటర్ల మందం. మీ పాత క్రాంక్ ట్రెక్కింగ్ రకం, అంటే కొండల సైకిలు కొలతల్లో చేసింది, దాని ఇరుసు పొడుగు. ఫ్రేములో కప్పులు బిగించే గొట్టం వెడల్పు 68 మిల్లీమీటర్లు ఉంటే, ఆ పొడుగు ఇరుసుకి సరిపోయేలా మూడు స్పేసర్లు వేసి 75.5 చేస్తారు. గొట్టం 73 ఉన్న ఫ్రేముకైతే కుడి వైపు ఒక్కటే వేస్తారు, మళ్ళీ అదే 75.5 వస్తుంది. ఇక 105 రోడ్డు క్రాంక్. దాని ఇరుసు పొట్టి. 68 గొట్టానికి రెండు కప్పులు నేరుగా బిగిస్తే సరిగ్గా సరిపోయేలా చేశారు, మధ్యలో ఏ స్పేసరూ ఉండకూడదు. మీరు 75.5 లోంచి దూర్చారు కాబట్టి ఎడమ వైపు ఇరుసు ఏడున్నర మిల్లీమీటర్లు తక్కువ బయటకొచ్చింది. అందుకే క్రాంక్ సగమే ఎక్కింది. ఎక్కని క్రాంక్‌ని క్యాప్‌తో లాగేసరికి అది వెళ్ళి బేరింగు మీద అడ్డంగా ఒత్తింది, క్రాంక్ బిగుసుకుంది. బేరింగుల తప్పేం లేదు.

ఇలాగే తొక్కితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. పదేళ్ళ కిందట నా సైకిలుకి ఒక షాపులో ఇదే పని చేసి ఇచ్చారు. క్రాంక్ కొంచెం గట్టిగా ఉంది, తొక్కగా తొక్కగా వదులవుతుందన్నారు, నమ్మాను. రావులపాలెం దాటి సిద్ధాంతం వంతెన ఎక్కుతున్నాను. మన డెల్టాలో ఎక్కడం అంటే వంతెనలే కదా, అక్కడే సీటు మీద నుంచి లేచి తొక్కుతాం. ఎడమ కాలు కిందకి నొక్కగానే క్రాంక్ పెడల్‌తో సహా ఊడి నా బూటుకే వేలాడింది. పక్క నుంచి లారీలు. రెయిలింగు పట్టుకుని ఆగగలిగాను కాబట్టి సరిపోయింది. తీసి చూస్తే క్రాంక్ లోపలి గాట్లు అంచు వరకూ నున్నగా గీసుకుపోయి, అల్యూమినియం పొడి గ్రీజులో వెండి రంగు ముద్దలా పట్టి ఉంది. ఇరుసు స్టీలు, దానికేమీ కాలేదు. ఎడమ క్రాంక్ మాత్రం పారేయాల్సి వచ్చింది. మీ పాత క్రాంక్ గాట్లు అరిగాయన్నారు చూడండి, అది కూడా ఎవరో ఎప్పుడో సరిగ్గా కూర్చోబెట్టకపోవడం వల్లే అయ్యుంటుంది.

ఈ రకం క్రాంక్‌లో పూర్తిగా ఎక్కిందా లేదా అన్నది చెప్పడానికి కంపెనీవాళ్ళే ఒక ఏర్పాటు పెట్టారు. ఎడమ క్రాంక్ చీలిక మధ్యలో చిన్న ప్లాస్టిక్ రేకు ఉంటుంది, దానికి ఒక బొడిపె. క్రాంక్ పూర్తిగా ఎక్కితే ఆ బొడిపె ఇరుసు మీద ఉన్న చిన్న రంధ్రంలో టక్కున పడుతుంది. పడలేదంటే క్రాంక్ ఎక్కలేదు, అంతే. దాన్ని ఊరికే అలంకారానికి పెట్టారనుకుని చాలామంది వేలితో వంచి వదిలేస్తారు, కొందరు విరిచేస్తారు. మీకు ఏ మెకానిక్ ఏం చెప్పినా, ఆ బొడిపె రంధ్రంలో పడకుండా సైకిలు ఎక్కకండి.

పని మొదలుపెట్టే ముందు రెండు కొలతలు తీయండి, వెర్నియర్ కాలిపర్ ఉంటే. ఒకటి గొట్టం వెడల్పు, స్పేసర్లు కలపకుండా. 68 రావాలి. 73 వస్తే ఈ రోడ్డు క్రాంక్ మీ ఫ్రేముకి పెట్టే దారే లేదు, ఆశ వదులుకోండి. రెండోది ఇరుసు లావు, రెండు చివర్లా. షిమానో అయితే రెండు వైపులా 24 మిల్లీమీటర్లు. మీది సాఫీగా దూరింది కాబట్టి అనుమానం లేదు గానీ, ఇది చదివి ఇంకెవరైనా వేరే కంపెనీ క్రాంక్ కొనబోతారేమోనని చెప్తున్నాను: స్రామ్ వాళ్ళ జీఎక్స్‌పీ రకంలో కుడి వైపు 24, ఎడమ వైపు 22. డబ్ అనే కొత్త రకంలో 28.99. ఇంకొన్నిటిలో 30. అన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కప్పు బయట మర ఒకటే అయినంత మాత్రాన లోపలి ఇరుసు సరిపోవాలని లేదు. డబ్బులు ఇచ్చే ముందే కొలిపించుకోవాలి.

కొలత మరొకటి ఉంది, అసలు దీన్నే ముందు చూడాలి. పాత క్రాంక్‌లో పళ్ళ చక్రాల వరుస మధ్య భాగం ఫ్రేము మధ్య గీత నుంచి 50 మిల్లీమీటర్ల దూరంలో ఉండేది. పాత తరం 105లో అది 43.5. అంటే చక్రాల వరుస ఆరున్నర మిల్లీమీటర్లు లోపలికి వస్తుంది. హైబ్రిడ్ ఫ్రేములకి లావు టైర్ల కోసం బీబీ నుంచి వెనక చక్రానికి వెళ్ళే గొట్టాలు వెడల్పుగా చేస్తారు. 50 పళ్ళ చక్రం ఆ గొట్టానికి రాసుకునే ప్రమాదం ఉంది. బీబీ మధ్య బిందువు నుంచి వెనక్కి పదిన్నర సెంటీమీటర్ల దగ్గర, చైను వైపు గొట్టం బయటి అంచు ఫ్రేము మధ్య గీత నుంచి ఎంత దూరంలో ఉందో స్కేలుతో చూడండి. 44 మిల్లీమీటర్ల లోపు ఉంటే పెద్ద చక్రానికి చోటుంది. చిన్న చక్రానికి కూడా చూడాలి, ఏడు సెంటీమీటర్ల దగ్గర 37 లోపు. చోటు లేదంటే కుడి వైపు ఒక స్పేసరు వేసి బయటికి జరుపుదామని మాత్రం అనుకోకండి. అక్కడ 2.5 వేస్తే ఎడమ వైపు 2.5 పోతుంది, మళ్ళీ బొడిపె పడదు. అప్పుడు ఈ 105ని ఎవరికైనా అమ్మేసి ట్రెక్కింగ్ క్రాంకే వెతుక్కోండి. దానికైతే మీ కప్పులూ స్పేసర్లూ ఉన్నవి ఉన్నట్టే సరిపోతాయి, ఇంత పని ఉండదు. నిజం చెప్పాలంటే మీ బండికి మొదటి నుంచీ అదే సరైనది, కానీ చేతిలో ఉన్నది 105 కాబట్టి దాంతో అవుతుందేమో చూద్దాం.

చోటు ఉందనుకుందాం. ఇప్పుడు కప్పులు విప్పాలి. ఇక్కడే చాలామంది ఫ్రేములు పాడుచేసుకుంటారు. మన దగ్గర ఎక్కువ సైకిళ్ళకి ఉండేది బీఎస్ఏ మర, 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 పోగులు. బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, ఆ కొలత అక్కడి నుంచి వచ్చింది. ఇందులో కుడి కప్పుకి ఎడమ మర. అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. ఎందుకలా పెట్టారంటే, బరువు పడుతూ ఇరుసు తిరుగుతున్నప్పుడు కప్పు నెమ్మదిగా దానికి వ్యతిరేక దిశలో పాకాలని చూస్తుంది. పిడికిలి వదులుగా పట్టి అందులో పెన్సిలు పెట్టి, దాని కొనను గుండ్రంగా తిప్పండి, పెన్సిలు తన చుట్టూ తాను వెనక్కి తిరుగుతుంది. అదే సంగతి. మామూలు మర పెడితే కుడి కప్పు తొక్కుతుంటేనే ఊడిపోతుంది. కుడి, ఎడమ గుర్తుండకపోతే ఇంకో లెక్క చెప్తాను. టూల్ పిడి పైకి పెట్టి ముందు చక్రం వైపు లాగితే రెండు కప్పులూ ఊడతాయి, వెనక చక్రం వైపు లాగితే రెండూ బిగుస్తాయి. పెడళ్ళకి ఇది సరిగ్గా తిరగబడుతుంది, దాంతో కలిపేసుకోకండి. పదహారు గాట్ల కప్పుల టూల్ తప్పనిసరి. పైపు రెంచీ వేసి తిప్పితే కప్పు అంచు నలిగిపోతుంది, ఇంకెప్పటికీ ఊడదు.

కప్పులు చేతిలోకి వచ్చాక తొందరపడకండి, ఈ పని మన ప్రాంతంలో కొంచెం నిదానంగా చేయాలి. చూపుడు వేలు బేరింగు లోపల పెట్టి నెమ్మదిగా తిప్పండి. బాగున్న బేరింగు గ్రీజులో తిరుగుతున్నట్టు మెత్తగా, బరువుగా తిరుగుతుంది. ఇసుక నలిగినట్టు గరగరమంటే, లేదా ఒక చోట ఆగి ఆగి తిరిగితే లోపల తుప్పు. మరీ తేలిగ్గా, బొంగరంలా తిరిగినా సంతోషించకండి, గ్రీజు కొట్టుకుపోయిందని అర్థం. మీరు రోజూ చించినాడ వంతెన మీదుగా దిండి వెళ్ళొస్తానన్నారు. సముద్రం గాలి, చెరువు గట్ల ఉప్పు నీళ్ళు, వానాకాలం కాలవ గట్టు బురద, ఇవన్నీ తగిలే బండికి బేరింగులు ఎగువ ఊళ్ళలో మన్నినంత కాలం మన్నవు. దానికి తోడు సైకిలుని మోటారు పైపు కింద పెట్టి బీబీ మీదికి నీళ్ళు కొట్టడం మనవాళ్ళకి అలవాటు. ఆ జోరుకి సీలు లోపలికి నీళ్ళు వెళ్ళిపోతాయి. తడిగుడ్డతో తుడుచుకోండి, చాలు. ఫ్రేము అడుగున చిన్న రంధ్రం ఉంటే అందులో మట్టి తీసేయండి, సీటు గొట్టంలోంచి దిగే వాన నీళ్ళు పోవడానికే అది ఉంది.

బేరింగు లోపల పలచటి ప్లాస్టిక్ రింగు ఒకటి ఉంటుంది చూడండి. అసలు బేరింగు రంధ్రం 25, ఆ రింగు వల్లే 24 అవుతుంది. పాత క్రాంక్ లాగేటప్పుడు అది ఇరుసుకి అంటుకుని వచ్చేసి, గుడ్డతో తుడిచేటప్పుడు చెత్తలోకి పోతుంటుంది. పోతే క్రాంక్ ఎంత బిగించినా ఊగుతూనే ఉంటుంది. రెండు వైపులా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి.

బేరింగులు బాగుంటే మీ కప్పులే వాడండి. ఒక్క మెలిక ఉంది. రెండు కప్పుల మధ్య ఉండే ప్లాస్టిక్ గొట్టం మీ దాంట్లో స్పేసర్లతో కలిపిన వెడల్పుకి చేసినది, కొంచెం పొడుగు ఉండచ్చు. స్పేసర్లు లేకుండా బిగిస్తే అది అడ్డుపడి ఎడమ కప్పు ఫ్రేముని తాకకుండా ఆగచ్చు. అలా అయితే బలవంతంగా నలపకండి, రోడ్డు రకం కప్పుల సెట్టు కొనేయండి. ఆ గొట్టం తీసేసి కూడా కొందరు వాడతారు, కానీ అప్పుడు సీటు గొట్టం నీళ్ళన్నీ నేరుగా బేరింగు వెనక్కి చేరతాయి. మన వానలకి నేను ఆ పని చేయను.

ఫ్రేము మరలు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కొత్త గ్రీజు దండిగా రాసి, కప్పు మొదటి నాలుగు చుట్లూ చేత్తోనే తిప్పండి. చేత్తో తిరగకపోతే మర తప్పు పట్టిందని, వెనక్కి తీసి మళ్ళీ మొదలెట్టండి. తర్వాత టూల్‌తో 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల వరకూ బిగించాలి. ఎంత బలంగా బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచీ మీ దగ్గర లేదన్నారు. నేను చేపల వాళ్ళు వాడే వేలాడే స్ప్రింగు కాటాతో చేస్తాను. టూల్ పిడి మీద కప్పు మధ్య నుంచి 25 సెంటీమీటర్ల దగ్గర కొక్కెం తగిలించి, పిడికి అడ్డంగా లాగి, కాటా 16 కిలోలు చూపించినప్పుడు ఆపితే దాదాపు 39 న్యూటన్ మీటర్లు అవుతుంది.

క్రాంక్ దూర్చే ముందు చైను బీబీ గొట్టం మీద వేసి పెట్టుకోండి, లేకపోతే మళ్ళీ విప్పాలి. ఇరుసుకి పలచగా గ్రీజు రాసి కుడి వైపు నుంచి అరచేత్తో నెట్టండి. చివర్లో ఎడమ బేరింగు దగ్గర కాస్త పట్టినట్టు ఉంటే చెక్క ముక్క అడ్డుపెట్టి చిన్నగా తడితే చాలు. ఎడమ క్రాంక్ గాట్లలో కొన్ని వెడల్పుగా ఉంటాయి, అవి కలిస్తేనే రెండు క్రాంకులూ ఎదురెదురుగా వస్తాయి. ఎక్కించాక ప్లాస్టిక్ క్యాప్. దీని పని క్రాంక్‌ని లాగడం కాదు, అటూ ఇటూ ఊగే ఖాళీ తీసేయడం, అంతే. 0.7 నుంచి 1.5 న్యూటన్ మీటర్లే, అంటే ఆ చిన్న ప్లాస్టిక్ టూల్‌ని వేళ్ళ కొసలతో తిప్పి ఆగిన చోట ఆపేయాలి. ఇప్పుడు రేకు నొక్కండి. బొడిపె పడింది, వేలికి తెలుస్తుంది. ఆ తర్వాత ఎడమ క్రాంక్ చీలికని బిగించే పక్క బోల్టులు రెండూ, ఒకటి కొంచెం, రెండోది కొంచెం, అలా మార్చి మార్చి 12 నుంచి 14 న్యూటన్ మీటర్ల దాకా. పొడుగు అలెన్ కీ మీద 10 సెంటీమీటర్ల దగ్గర కాటా 13 కిలోలు చూపిస్తే సరిపోతుంది. ఒక బోల్టు పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే మొదటిది మళ్ళీ వదులైపోతుంది, అందుకే మార్చి మార్చి.

చైను తగిలించకుండా క్రాంక్‌ని ఒకసారి తిప్పి వదలండి. నెమ్మదిగా ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగితే బాగున్నట్టే, సీళ్ళ రాపిడి కొంత ఉంటుంది. క్రాంక్ చివర పట్టుకుని పక్కకి ఊపండి, టక్ టక్‌మనకూడదు. టక్ టక్‌మంటే, పక్క బోల్టులు వదులు చేసి, క్యాప్ ఒక పిసరు తిప్పి, మళ్ళీ బిగించండి. చైనుని ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదాని మీదికి మార్చే ముందు వైపు డిరైలర్‌ని పెద్ద చక్రం పళ్ళకి పైన 1 నుంచి 3 మిల్లీమీటర్ల ఎడం ఉండేలా జరిపి, రెండు చక్రాలకి తగ్గట్టు దాని కదలికకి హద్దు పెట్టే స్క్రూలు సరిచేసుకోవాలి. పాతది లోపలికి అంత దూరం రాకపోతే రోడ్డు రకం కొనాల్సి రావచ్చు.

ఇక నాన్నగారి సైకిలు. కాటర్ పిన్నుల (క్రాంక్‌ని ఇరుసుకి పట్టి ఉంచే అడ్డ మేకుల) బండి కాబట్టి అక్కడ లెక్క వేరు. ఇరుసు మీదే గోళీల దారి ఉంటుంది, కప్పుల్లో ఇంకో దారి. కప్పులు గుడ్డతో తుడిచి వెలుతురులో పట్టి చూడండి. గోళీలు తిరిగిన గీత ఉంగరంలా నున్నగా మెరుస్తుంటే కప్పులు ఉంచేయండి. గోరు తగిలేంత గుంటలు ఉంటే మార్చాల్సిందే, లేకపోతే కొత్త ఇరుసుని కూడా అవి తినేస్తాయి. పాత ఇరుసు షాపుకి పట్టుకెళ్ళి కొత్తదానికి ఆనించి చూసి కొనండి. మొత్తం పొడవుతో పాటు గోళీల దారుల మధ్య దూరం కూడా కలవాలి. పొడుగు చివర చైను వైపు రావాలి. గోళీలు మాత్రం పాతవి వాడకండి, పావు అంగుళానివి వైపుకి పదకొండు, కొత్తవే వేయండి, ఖరీదు ఎంతో కాదు. ఎడమ కప్పు బిగుసుకునేదాకా తిప్పి, ఒక పిసరు వెనక్కి తీసి, కప్పుని కదలకుండా పట్టుకుని లాక్ రింగు బిగించాలి. లేకపోతే రింగు తనతో పాటు కప్పుని కూడా తిప్పేస్తుంది.

కాటర్ పిన్నులు రెండూ ఒకదానికొకటి ఎదురు దిశలో దూరాలి, ఒకే వైపు నుంచి పెడితే పెడళ్ళు వంకరగా వస్తాయి. పిన్ను కొట్టేటప్పుడు క్రాంక్ కింద మందపాటి గొట్టం ముక్క నిలబెట్టి దాని మీద ఆనించండి, దెబ్బ గోళీల మీద పడకుండా. పిన్ను సుత్తి దెబ్బకే కూర్చోవాలి, నట్టు దాన్ని పడిపోకుండా పట్టి ఉంచడానికే. నట్టుతో లాగితే మర జారిపోతుంది. ఒక ఇరవై కిలోమీటర్లు తొక్కాక మళ్ళీ రెండు దెబ్బలు వేసి నట్టు బిగించండి.

ముందు ఆ వెనక గొట్టం కొలత తీసి ఇక్కడ రాయండి మాస్టారూ, అంతవరకూ 105ని అలా ఉంచండి. చోటు సరిపోయి, టూల్స్ దొరక్కపోతే రాజోలు మీదుగా అమలాపురం వచ్చేయండి, కప్పుల టూలూ కాటా రెండూ నా దగ్గర ఉన్నాయి.